విచారణ అనే మాట



ఈ గుడిలో పనిచేసి కన్నుమూసిన గురువులను తలుచుకోవడానికి మనం ఏటా ఒక సాయంత్రం కూడుకుంటాం. ఈసారి అది మార్చి 12న పడింది. తేదీ చూశాకే ఏం మాట్లాడాలో నాకు తేలింది. మన గురువుల గురించి చెప్పమని పిలిస్తే ఈయన సముద్రాల అవతలి గురువును పట్టుకున్నాడేమిటని అనుకోకండి. అటు తిరిగి, ఇటు తిరిగి మన గుడి గుమ్మం దగ్గరికే వస్తాను.

ముందుగా ఒక మాట సంగతి. నేను బడిపంతులుగా చేరిన కొత్తలో ఒకసారి సెలవు చీటీలో 'మా విచారణ పండుగకు వెళ్లవలసి ఉన్నది' అని రాశాను. మా హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఏం కేసయ్యా?" అని అడిగారు. కథోలికులం మనకు విచారణ అంటే ఒక గుడి, దాని చుట్టూ ఉన్న పల్లెలు, ఒక గురువు బాగోగులు చూసే జనం. మిగతా తెలుగువాళ్లకు అది పోలీసు స్టేషను మాట, కోర్టు మాట. నిజానికి రెండూ ఒకే చెట్టు కొమ్మలు. ఇంటికొచ్చిన చుట్టాన్ని క్షేమసమాచారాలు విచారిస్తాం. పొలం గట్టు తగవులో నిజమేదో విచారిస్తాం. పోయినవాళ్ల కోసం విచారిస్తాం. కనుక్కోవడం, నిగ్గు తేల్చడం, దుఃఖించడం. మూడు పనులకూ తెలుగులో ఒకటే మాట. ఒక గురువును తలుచుకోవాలంటే ఈ మూడూ చెయ్యాలని నా నమ్మకం. చేసి చూపించిన ఊళ్లు రెండున్నాయి. ఆ ఊళ్ల కథే ఇది.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్ అని చిన్న దేశం. స్పానిష్‌లో ఆ పేరుకు 'రక్షకుడు' అని అర్థం. మన ఉమ్మడి అనంతపురం జిల్లాకంటే కాస్త పెద్దది, అంతే. ఆ దేశంలో ఎల్ పైస్నల్ అనే పల్లెలో 1928 జూలై 5న రుటీలియో గ్రాండె పుట్టాడు. పెద్ద కుటుంబంలో కడగొట్టువాడు. తల్లి చిన్నప్పుడే దూరమైంది. పెంచింది అవ్వ, అన్నలు. ఆ పల్లెకు వచ్చిన అగ్రపీఠాధిపతి లూయిస్ చావెస్ ఈ కుర్రాడిని గమనించి గురువిద్యాలయానికి రమ్మన్నారు. అప్పుడతని వయసు పన్నెండు. పదిహేడో ఏట యేసుసభలో, అంటే జెస్యూట్ గురువుల సంఘంలో చేరాడు. వెనెజువెలా, ఈక్వడార్, స్పెయిన్ తిరిగి చదివి, 1959 జూలై 30న గురువయ్యాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనం గురువుల స్మరణ సభల్లో మాట్లాడేటప్పుడు వాళ్లను పుట్టుకతోనే కొండలను చేస్తాం. రుటీలియో కొండ కాదు. శిక్షణ రోజుల్లోనే ఆయన మనసు కుప్పకూలింది. మంచం పట్టాడు. గురుపట్టం దగ్గర పడుతున్నకొద్దీ, 'దీనికి నేను తగినవాణ్ణేనా?' అన్న అనుమానం తొలిచేసింది. పట్టం పుచ్చుకున్నాక కూడా అది వదల్లేదు. 1963లో చదువుకోసం బ్రస్సెల్స్ వెళ్లాక గాని ఆ ముడి వదులు కాలేదు. అన్నీ నేనే సరిగా చెయ్యాలన్న పట్టు అక్కడ సడలింది. గుడి అంటే గురువొక్కడే కాదనీ, జనం చేతికి పని అప్పజెప్పవచ్చుననీ అక్కడ అతనికి బోధపడింది. తన మీద తనకు పూర్తి నమ్మకం లేనివాడు జనాన్ని నమ్మడం నేర్చుకున్నాడు. తర్వాత జరిగినదానికంతా వేరు ఇక్కడుంది.

1972 సెప్టెంబరులో ఆయన అగిలారెస్ విచారణకు గురువుగా వచ్చాడు. పుట్టిన ఊరు ఎల్ పైస్నల్ ఆ విచారణ కిందిదే. చుట్టూ చెరకు. మూడు చక్కెర మిల్లులు. ముప్ఫైవేలకు పైగా జనం. భూములు కొద్ది చేతుల్లో ఉండేవి. మిగతావాళ్లు కౌలుకు చారెడు చెక్క తీసుకుని మొక్కజొన్న వేసుకునేవాళ్లు, నరికే కాలం వస్తే కత్తి పట్టుకుని చెరకు తోటలోకి దిగేవాళ్లు. ఉయ్యూరు వైపువాళ్లకూ తణుకు వైపువాళ్లకూ నేనిది విడమరిచి చెప్పక్కర్లేదు. మిల్లు గొట్టంలోంచి పొగ వచ్చినన్నాళ్లే పొయ్యిలోంచీ పొగ వచ్చే బతుకులవి.

ఆయనా ఆయన తోటి గురువులూ చేసిన మొదటి పని విచారించడం. బృందంగా ఒక్కో పల్లెకు వెళ్లి రెండేసి వారాలు అక్కడే ఉండేవాళ్లు. వాళ్లిళ్లలోనే భోజనం, పడక. ముందు ఆ పల్లె మాటతీరు, నమ్మకాలు, అప్పులు, జబ్బులు తెలుసుకోవడం. పగలు పిల్లలతో, పొద్దుగూకాక పొలం నుంచి వచ్చిన పెద్దలతో కూర్చోవడం. సువిశేషం చదివి, చిన్నచిన్న గుంపులుగా చేసి, 'ఇందులో మీకేం వినబడింది?' అని అడగడం. జన్మలో ఎవరూ తమ అభిప్రాయం అడగని మనుషులు నోరు విప్పడం మొదలుపెట్టారు. బృందం వెళ్లిపోయేలోగా ఆ పల్లె తనలోంచే కొందరిని ఎన్నుకునేది. వాళ్లను వాక్య ప్రతినిధులు అంటారు. గురువు లేనప్పుడు ప్రార్థన నడిపించేది వాళ్లే. కొద్ది ఏళ్లలో అలాంటివాళ్లు మూడు వందలు దాటారు. మన భాషలో చెప్పుకోవాలంటే, మూడు వందలమంది ఉపదేశులు. మొక్కజొన్న చేతికొచ్చే కాలంలో ఊళ్లన్నీ కలిసి మొక్కజొన్న పండుగ చేసుకోవడమూ ఆ విచారణలో మొదలైంది.

నోరు విప్పినవాడు గుడిలోనే విప్పి ఊరుకోడు కదా. కూలి లెక్క దగ్గర కూడా విప్పుతాడు. కూలీలు సంఘం కట్టడం మొదలుపెట్టారు. గురువుగారు సంఘానికీ గుడికీ మధ్య గీత చెరిగిపోకుండా జాగ్రత్తపడ్డాడు. తాను ఏ పార్టీ మనిషినీ కాదన్నాడు. భూస్వాములకు ఆ గీత కనబడలేదు. వాళ్లకు కనబడిందల్లా, నిన్నటిదాకా తలవంచుకుని నిలబడ్డ కూలి ఇవాళ లెక్క అడగడమే.

1977 జనవరి ఆఖరున పక్క ఊరు అపోపా విచారణ గురువు మారియో బెర్నాల్‌ను ప్రభుత్వం దేశంనుంచి వెళ్లగొట్టింది. ఆయన కొలంబియా దేశస్థుడు. ఫిబ్రవరి 13న అపోపాలో జరిగిన పూజలో రుటీలియో ప్రసంగించాడు. ఆ ప్రసంగం సారం చెబుతాను. త్వరలో ఈ దేశపు సరిహద్దు దాటి బైబిలు కూడా రాలేదు, అట్టలు మాత్రమే వస్తాయి, ఎందుకంటే లోపలి పేజీలన్నీ తిరుగుబాటే అన్నాడు. యేసే వచ్చినా పరాయి దేశపు యూదుడని, జనాన్ని రెచ్చగొడుతున్నాడని పట్టుకుంటారన్నాడు. అదే ప్రసంగంలో ఇంకో బొమ్మ కూడా గీశాడు. దేవుడు ఈ లోకాన్ని అందరికీ ఒకే బల్లగా వేశాడని, పొడవాటి గుడ్డ పరిచిన ఆ బల్ల దగ్గర ప్రతి మనిషికీ ఒక పీట ఉందని చెప్పాడు. కోపంగా మొదలై విందుకు పిలుపుగా ముగిసే ప్రసంగమది. అప్పటికి ఆయనకు మిగిలింది నాలుగు వారాలు.

మార్చి 12, శనివారం. ఎల్ పైస్నల్ గుడి పునీత జోజప్పగారిది. 19న పండుగ. నవదిన ప్రార్థనలు నడుస్తున్నాయి. సాయంత్రం పూజ చెయ్యడానికి రుటీలియో అగిలారెస్ నుంచి చిన్న వోక్స్‌వాగన్ బండిలో బయలుదేరాడు. పక్కన ఇద్దరు. మానువెల్ సోలోర్సానో, 72 ఏళ్ల పెద్దాయన. నెల్సన్ రుటీలియో లెముస్, 16 ఏళ్ల కుర్రాడు. దారిలో చిన్న పిల్లలు ముగ్గురు చెయ్యెత్తితే వాళ్లనూ వెనక ఎక్కించుకున్నాడు. పండుగకు వెళ్లే గురువు బండిలో చోటుంటే పిల్లలు ఎక్కకుండా ఉంటారా? చెరకు తోటల మధ్య కాచుకున్న మనుషులు కాల్పులు జరిపారు. ముందున్న ముగ్గురూ అక్కడే ప్రాణం విడిచారు. వెనకున్న పిల్లలు బతికి, పరుగెత్తి ఊళ్లోకి వెళ్లారు. గుడిలో జనం పూజకోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

ముగ్గురి దేహాలనూ అగిలారెస్ గుడికి చేర్చారు. ఆ రాత్రి రాజధాని నుంచి ఆస్కార్ రొమేరో వచ్చాడు. అగ్రపీఠాధిపతి అయ్యి అప్పటికి మూడు వారాలు కూడా నిండలేదు. రుటీలియో ఆయనకు స్నేహితుడు. 1970లో రొమేరో మేత్రాణుల పట్టాభిషేకం రోజున క్రమం నడిపించినవాడు. మెతక మనిషి, పుస్తకాల మనిషి, గొడవలకు పోడు అని రొమేరోకు పేరు. ఆ రాత్రి దేహాల దగ్గరే పూజ చేసి, జనంతో కూర్చుని, వాళ్లు చెప్పింది విన్నాడు. తర్వాత రొమేరో ఏమయ్యాడో లోకానికి తెలుసు. 1980 మార్చి 24న పూజ చేస్తుండగా ఆయన్నూ కాల్చి చంపారు. 2018లో పునీతుడిగా ప్రకటించారు.

దేశాధ్యక్షుడు రొమేరోకు ఫోను చేసి సానుభూతి చెప్పాడు, విచారణ జరిపిస్తానన్నాడు. జరగలేదు. కేసు తేలేదాకా ప్రభుత్వ వేడుకలకు రానని రొమేరో తేల్చి చెప్పాడు. అన్నమాట ప్రకారం చనిపోయేదాకా వెళ్లలేదు. దేశంలో అంతర్యుద్ధం 1980లో మొదలై 1992లో ముగిసింది. 1993లో ఐక్యరాజ్యసమితి సత్యశోధక సంఘం నివేదిక ఇచ్చింది. ఆ సంఘానికి అప్పగించింది 1980 నుంచి జరిగిన ఘోరాలు. 1977 నాటి చావు ఆ గీతకు అవతల పడిపోయింది. అదే ఏడు క్షమాభిక్ష చట్టం చేశారు. 2016లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా పాత కేసులకు తలుపు మూసే ఉంది. అంటే మా హెడ్మాస్టరు గారు ఎరిగిన విచారణ ఆ ముగ్గురికీ దక్కలేదు.

మనం ఎరిగిన విచారణ దక్కింది. ఎలాగంటే, మార్చి 20 ఆదివారం రొమేరో తన పీఠం మొత్తానికి ఒకటే పూజ అన్నాడు. ఏ ఊళ్లోనూ వేరే పూజ ఉండకూడదు, అందరూ రాజధానిలో ప్రధాన దేవాలయం ముందుకు రావాలి. పోపుగారి రాయబారి ఒప్పుకోలేదు, ప్రభుత్వానికి మింగుడు పడలేదు. రొమేరో తగ్గలేదు. లక్షమంది వచ్చారని అంచనా. ఆలోచించండి, ఒక పల్లెటూరి విచారణ గురువు పోతే ఆ పీఠమంతా ఒకే విచారణ అయింది ఆ రోజు.

రెండు నెలలకు దెబ్బ పడింది. మే 19న సైన్యం అగిలారెస్‌ను చుట్టుముట్టింది. ఆ దాడికి పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ రుటీలియో'. గుడి గంట దగ్గరున్న మనిషిని చంపారు. దివ్యసత్ప్రసాద మందసం మీద కాల్పులు జరిపారు, అప్పాలు నేలపాలయ్యాయి. అక్కడున్న యేసుసభ గురువులు ముగ్గురినీ దేశం దాటించారు. నెలరోజులు గుడి సైనికుల చేతిలోనే ఉంది. జూన్ 19న రొమేరో తిరిగి వచ్చి ఆ గుడిలో పూజ చేశాడు. సిలువ మీది క్రీస్తు ఎవరో చూడాలంటే మిమ్మల్నే చూడాలని ఆ జనంతో అన్నాడు. పూజ అయ్యాక దివ్యసత్ప్రసాదంతో ఊరేగింపు బయలుదేరింది. ఎదురుగా తుపాకులు ఎత్తిన సైనికులు. జనం ఆగి వెనక్కి చూశారు. వెనక నుంచి రొమేరో పదండి ముందుకు అన్నాడు. జనం ముందుకు నడిచాక సైనికులు తుపాకులు దించారు.

ఏటా మార్చి 12న అగిలారెస్ నుంచి ఎల్ పైస్నల్‌కు జనం నడుస్తారు. ఆయన బండి వెళ్లిన దారినే, ఆయన చేరలేకపోయిన పూజకు. కాల్పులు జరిగిన చోట మూడు సిలువలున్నాయి. ఎల్ పైస్నల్ గుడిలో, బలిపీఠం ముందు నేలలో, మూడు సమాధులున్నాయి. ఈ 'మూడు' దగ్గర కాస్త ఆగుదాం. ఇన్నాళ్లూ ఈ కథ చదువుతూ నేను దాటిపోయింది దీన్నే.

లోకం జ్ఞాపకానికి మెట్లుంటాయి. పై మెట్టు మీద రొమేరో. ఆయన కథలో రుటీలియో ఒక పేజీ. రుటీలియో కథ రాసినప్పుడు మానువెల్, నెల్సన్ ఒక వాక్యం. 'ఒక ముసలాయన, ఒక కుర్రాడు కూడా చనిపోయారు.' ఆ 'కూడా'లోనే వాళ్లు పోతారు. ఆ పల్లె మాత్రం అలా పోనివ్వలేదు. గురువును గుడిలో పెట్టి, ఇద్దరు రైతుబిడ్డలను ఊరి శ్మశానానికి పంపి ఉండవచ్చు. అలా చెయ్యలేదు. గురువు ఎవరి పక్కన కూర్చుని వచ్చాడో వాళ్ల పక్కనే పడుకోబెట్టారు. ముందు పల్లె చేసిన ఆ పనినే శ్రీసభ తర్వాత చేసింది. 2022 జనవరి 22న శాన్ సాల్వడోర్‌లో ముగ్గురినీ ధన్యులుగా ప్రకటించారు. ఆయనొక్కణ్ణే కాదు, ముగ్గురినీ.

అలాంటి 'కూడా' ఇంకొకటుంది. అదే దేశంలో 1989 నవంబరు 16న ఒక విశ్వవిద్యాలయంలో ఆరుగురు యేసుసభ గురువులను సైనికులు చంపారు. వాళ్లతోపాటు వంట చేసే ఎల్బా రామోస్‌నూ, ఆమె కూతురు సెలీనానూ చంపారు. గురువుల దేహాలు పడి ఉన్న చోట గులాబీ తోట వేసింది ఎవరో తెలుసా? ఎల్బా భర్త, అక్కడి తోటమాలి. గురువులను తలుచుకునే చోటికి నీళ్లు పోసింది, పేరు చివర్లో వచ్చే ఇంటివాళ్లే.

ఇప్పుడు మన గుమ్మం దగ్గరికి వస్తాను.

గుడిలోకి వచ్చేటప్పుడు కుడిచేతి వైపు శిలాఫలకం ఉంది. మేత్రాణుల పేరుంది, కట్టించిన గురువు పేరుంది, సంవత్సరం ఉంది. ఆ గురువు విదేశీయుడు. మండుటెండలో సైకిలు మీద తిరిగి ఈ గుడి కట్టాడు. ఆయన పేరు అక్కడ ఉండాల్సిందే. కానీ ఆయన నోటికి తెలుగు ఇచ్చిందెవరు? మా తాత. మా తాత ఈ విచారణకు ఉపదేశి. శనివారం రాత్రి లాంతరు పెట్టుకుని గురువుగారు రేపటి ప్రసంగం అప్పజెబుతుంటే తాత దిద్దేవాడట. మొదట్లో ఒక ఆదివారం దిద్దడం కుదరక, ఫాదర్ గారు "పాపాన్ని వదలండి" అనబోయి "పామును వదలండి" అన్నారట. ఆడవాళ్లు కాళ్లు పైకి లాక్కున్నారని మా నాయనమ్మ నవ్వి నవ్వి చెప్పేది.

నవ్వు వెనక సంగతి ఇది. గురువు ఒక పల్లెకు నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఉపదేశివి. చీకటి పడ్డాక కూలి నుంచి వచ్చిన పిల్లలకు జపాలు నేర్పింది ఆయన. కొనఊపిరితో ఉన్న పసిబిడ్డకు అర్ధరాత్రి జ్ఞానస్నానం ఇచ్చింది ఆయన. గురువు అందుబాటులో లేనప్పుడు సమాధి దగ్గర ప్రార్థన చెప్పింది ఆయన. ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో తగవు, ఎవరికి పెళ్లి కుదరాలి, అన్నీ విచారించి గురువు చెవిన వేసింది ఆయన. విచారణ అన్న పని చేసింది ఉపదేశి, విచారణ గురువు అన్న పేరు గురువుది. నేనిది నిష్ఠూరంగా చెప్పడం లేదు. గురువులే ఈ మాట ఒప్పుకుంటారు. రుటీలియో బతికుంటే ఆయనే ముందు ఒప్పుకునేవాడు. తన మీద తనకున్న అనుమానాన్ని, మూడు వందలమంది చేతుల్లో పని పెట్టి జయించినవాడు గదా.

మా తాత సమాధి ఊరవతల ఉంది. ఫలకం లేదు. ఆయన తోటి ఉపదేశులు ఎందరున్నారో, ఏ పల్లె ఎవరిదో తెలిసినవాళ్లు ముగ్గురు నలుగురు మిగిలారు. అందరూ ఎనభై దాటినవాళ్లే. ఇద్దరు ఈ సభలోనే ఉన్నారు, ముందు వరుసలో.

కాబట్టి ఈ ఏడు మన గురువులను తలుచుకోవడానికి ఒక పని చేద్దాం. ఫలకాలకు చందాలు అడగను. నవంబరు 2, సమాధుల పండుగ లోపల మనకు ఏడు నెలలకు పైగా వ్యవధి ఉంది. ఒక్కో పల్లెకు వెళ్లి, పెద్దవాళ్ల దగ్గర కూర్చుని విచారిద్దాం. మీకు జపాలు నేర్పిందెవరు? మీ అమ్మ సమాధి దగ్గర ప్రార్థన చెప్పిందెవరు? గురువుగారి కోసం వాగు దాటి పరుగెత్తిందెవరు? ఆ పేర్లు రాసుకుని, సమాధుల పండుగ పూజలో గురువుల పేర్లతో కలిపి, ఒకే వరుసలో చదువుదాం. ముందు గురువులు, తర్వాత వీళ్లు అని విడదియ్యవద్దు. ఒకే బండిలో వచ్చినవాళ్లు కదా.

ఈ పని పెద్దలకు అప్పజెప్పడం నాకు ఇష్టం లేదు. మనం ఫలకాలకు అలవాటు పడిపోయాం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలున్నారే, వాళ్లకు అప్పజెబుతున్నాను. మీలో ఎవరికి పదహారేళ్లు? చెయ్యెత్తండి. ఆ చివరనున్న బాబూ, ఇలా రా. ఈ నోటుపుస్తకం తీసుకో, కలం నా జేబులో ఉంది.

మొదటి పేరు నేను చెబుతాను, రాసుకో.